ఏ ఊరిదీ కాని ఉడుత

మా చెల్లెలి కూతురికి ఎవరో కానుకగా ఇచ్చిన అక్షరాల పుస్తకంలో ‘ఉ’ దగ్గర ఒక ఉడుత ఉంది. ఒళ్లంతా ఇటుక రంగు, చెవుల కొసల్లో కుచ్చులు, ఒంటికి మించిన తోక. రెండు చేతులా పట్టుకుని కొరుకుతున్నది ఓక్ చెట్టు కాయ. వీపు మీద ఒక్క చారా లేదు. రాముడు వీపు నిమిరితే మూడు చారలు పడ్డాయన్న కథ రాత్రి అమ్మమ్మ దగ్గర విన్న పిల్ల, పొద్దున ఈ పుస్తకం తెరిచి, చారల్లేని ఆ బొమ్మ మీద వేలు పెట్టి ‘ఉడుత’ అని టక్కున చెబుతుంది. అందరం చప్పట్లు కొడతాం. పెరట్లో జామకాయ సగం కొరికి కింద పడేసిన అసలు ఉడుత వైపు ఎవరూ చూడరు.

అదే పుస్తకంలో ‘ఇ’ దగ్గరి ఇంటికి మంచు జారిపోయేంత ఏటవాలు కప్పు, దాని మీద పొగగొట్టం. చెట్లన్నీ ఒకే చెట్టు: గోధుమరంగు కాండం, పైన ఆకుపచ్చ మబ్బు. పిట్టలన్నీ ఒకే పిట్ట, రంగు మాత్రం పేజీకొకటి.

ఇవి చూపించి ‘పాశ్చాత్య ప్రభావం’ అని వాపోతూ వ్యాసం రాయడం తేలిక. నా ఫిర్యాదు అది కాదు. ఈ ఉడుతకు యూరప్ ఎర్ర ఉడుత పోలికలు ఉన్న మాట నిజమే గానీ, అక్కడి పిల్లలు కూడా దీన్ని తమదనుకోరు. మొహం నిండా మనిషి నవ్వు, కళ్లకు కాటుక రెప్పలు. వెనక చెట్టు లేదు, కింద నేల లేదు, తెల్ల కాగితం మీద గాలిలో నిలబడి ఉంది. అది పరాయిది కాదు, ఎక్కడిదీ కాదు. పసిపిల్లల పుస్తకంలో ప్రాణి ఏ దేశానిదైనా కావచ్చు, మాట్లాడేదైనా కావచ్చు. దానికంటూ ఒక చోటు, ఒక తిండి, ఒక పని ఉండాలి. ఇదే నేను చెప్పదలచుకున్నది.

ఆవు సంగతి చూస్తే ‘మనది, పరాయిది’ అన్న కొలబద్ద ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. పుస్తకంలో ఉన్నది నలుపు తెలుపు మచ్చల ఆవు. మూపురం లేదు, గంగడోలు లేదు. ఒంగోలు జాతి పుట్టిన నేల మీద ఇదేం ఆవు అని ముందు నాకూ ఒళ్లు మండింది. ఆ జాతి ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్లి, నెల్లూరు పేరు మీదుగా ‘నెలోర్’ అనిపించుకుని ఆ దేశపు పచ్చికబయళ్లను నింపేసింది. మన ‘ఆ’ పేజీలోకి మాత్రం రాలేకపోయింది. అయితే మా పిన్ని వాళ్ల ఊళ్లో పాలకేంద్రానికి పాలు పోసే ఇళ్లలో ఇప్పుడున్నవి హెచ్ఎఫ్ (నలుపు తెలుపు మచ్చల హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ అనే విదేశీ జాతుల సంకరాలే. ఆ ఊరి పిల్లకు మచ్చల ఆవే ఇంటి ఆవు. ఒంగోలు ఆవును దండలతో, గజ్జెలతో గీసి పెడితే ఆ పిల్లకు అదే కొత్త జంతువు. కాబట్టి దేశీయత పట్టింపు పెట్టుకుంటే అక్షరమాల రెండో పేజీలోనే ఇరుక్కుపోతాం.

ఇందులో ఎన్ని ఉన్నాయి?

విజయవాడ పుస్తక ప్రదర్శనలో ఒక స్టాలు ముందు ఒకాయన రెండు పుస్తకాలు చెరో చేతిలో పట్టుకుని బేరీజు వేస్తున్నారు. పక్కన అయిదేళ్ల అబ్బాయి. ఒకటి కప్ప గురించి పలచటి పుస్తకం. గుడ్లు, తోకకప్ప, కాళ్లు రావడం, వాన, చెరువు, అంతే. రెండోది నిగనిగలాడే అట్టలతో లావుపాటిది.

“ఇందులో ఎన్ని జంతువులున్నాయి?” అని అడిగారు.

“కప్ప ఒక్కటే సార్. కప్ప కథ.”

“మరి దీంట్లో?”

“రెండు వందల బొమ్మలు.”

రెండోదే కొన్నారు. ఆయనను నేను తప్పుపట్టలేను. డబ్బు పెట్టేవాడు లెక్క చూసుకుంటాడు, కప్ప ఒక్కదానికి అంత ధరా అనిపించడం సహజం. ఆ అబ్బాయి మాత్రం బేరం జరుగుతున్నంతసేపూ కప్ప పుస్తకంలో కాళ్లు వచ్చి తోక పోయే పేజీని ముందుకూ వెనక్కూ తిప్పుతూనే ఉన్నాడు.

రెండు వందల బొమ్మల పుస్తకంతో ఇంట్లో ఏం జరుగుతుందో మనకందరికీ తెలుసు. చుట్టాలొస్తారు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని “ఏనుగేది? జిరాఫీ ఏది? పెంగ్విన్ చూపించు తల్లీ” అని పరీక్ష మొదలుపెడతారు. పిల్ల గబగబా చూపిస్తుంది. ‘ఎంత తెలివో’ అంటారు. పరీక్ష అయిపోయింది, పుస్తకమూ అయిపోయింది. తెల్ల కాగితం మీద ఒంటరిగా నిలబడ్డ బొమ్మను ఇంకేమని అడుగుతాం? అది ఏమీ చేయడం లేదు, ఏమీ తినడం లేదు, దాని వెనక ఎవరూ దాక్కోలేదు. పిల్లలకు చదివి వినిపించేటప్పుడు పేరు చెప్పించి వదిలేయకుండా, ఏం జరుగుతోందో వాళ్ల చేత చెప్పించి, వాళ్ల మాటను కొంచెం పొడిగించి తిరిగి వాళ్లకే అందిస్తే భాష బాగా పెరుగుతుందని అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లోనే చూపించింది. తల్లిదండ్రులకు ఆ నేర్పు లేదని మనం అనుకుంటాం. ఎంత నేర్పు ఉన్నా, పొడిగించడానికి ఆ పేజీలో ఏదో ఒకటి ఉండాలి కదా.

ఏడాదిన్నర పిల్లకు ఇవన్నీ ఎందుకు, పేజీకొక బొమ్మ, ఒక పేరు చాలదా అనవచ్చు. చాలు. ఆ వయసులో పేరు పెట్టి పిలవడమే పెద్ద ఆట. కానీ అక్కడే బొమ్మ ఎలా ఉందన్నది మరీ ముఖ్యమవుతుంది. పుస్తకంలో చూసి నేర్చుకున్న కొత్త పేరును పిల్లలు అసలు వస్తువుకు అన్వయించుకోగలరా అని 15, 18 నెలల పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి 2008లో వచ్చింది. ఫోటోలు, అసలును పోలిన బొమ్మలు చూసినవాళ్లు కార్టూన్ బొమ్మలు చూసినవాళ్ల కంటే బాగా అన్వయించుకున్నారు. అంటే పెరట్లోకి దారి చూపవలసిన పుస్తకం, బొమ్మ తీరు వల్లే ఆ దారిని ఇరుకు చేయవచ్చన్నమాట.

తప్పంతా అక్షరమాలదే అనేవారూ ఉన్నారు. ‘ఒ’ కోసం ఒంటె, ‘ఈ’ కోసం ఈగ. అక్షరం కోసం వచ్చిన జంతువు అక్షరంతోపాటే వెళ్లిపోతుంది, నిజమే. కానీ పిల్లల బొమ్మల పుస్తకాలకు మూలపురుషుడని చెప్పుకునే కొమీనియస్ 1658లో నూరెంబర్గ్‌లో అచ్చువేయించిన లాటిన్, జర్మన్ పుస్తకం మొదలయ్యేదే అక్షరాలతో. అందులో మొదటి అక్షరానికి బొమ్మ కాకి. ‘ఆ... ఆ...’ అని అరుస్తూ ఉంటుంది. అక్షరం ఆ ప్రాణి గొంతులోంచి వస్తుంది. ‘క’ పక్కన రెక్కలు ముడుచుకుని నిలబెట్టిన మన కాకి చేత ఒక్కసారి ‘కా’ అనిపించడానికి ఖర్చు ఏమవుతుంది?

మంచులో ఎలుగుబంటి

‘చోటు’ అంటున్నావు, మరి నువ్వు పెరిగింది రష్యా పుస్తకాల మీదే కదా అని మా చెల్లెలు దెప్పింది. దెప్పదగిన మాటే. మా ఇంట్లో పిల్లల పుస్తకాలంటే విశాలాంధ్ర దుకాణంలో కొన్న సోవియట్ పుస్తకాలే. మాస్కోలో కూర్చుని ఉప్పల లక్ష్మణరావు, ఆర్వీయార్ వంటివారు తెలుగు చేస్తే, అక్కడే అచ్చయి, ఇక్కడికి వచ్చి కారుచవకగా అమ్ముడుపోయిన పుస్తకాలు. కృష్ణా జిల్లా మే నెల ఎండలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, తాటాకు విసనకర్ర ఊపుకుంటూ మేం చదివింది మంచు గురించి. మనుషులు ఎక్కి పడుకునేంత పెద్ద ఇటుక పొయ్యి గురించి. చలికాలం రాగానే గుహ చేరి పడుకునే ఎలుగుబంటి గురించి. వీటిలో ఒక్కటీ మేం చూసినది కాదు. అయినా పరాయిదని ఒక్కనాడూ అనిపించలేదు.

ఎందుకని ఆలోచిస్తే నాకు తోచింది ఇది. ఆ ఎలుగుబంటి ఎక్కడ పడుకుంటుందో, ఎప్పుడు లేస్తుందో, లేవగానే ఎంత ఆకలిగా ఉంటుందో ఆ పుస్తకాలకు తెలుసు. ఆ దేశపు చిత్రకారుల్లో యెవ్గేనీ చారూషిన్ అనే ఆయన జంతువుల పిల్లలను గీస్తే బొచ్చు మీద చెయ్యి వేయబుద్ధవుతుంది. తడిసిన బొచ్చు వేరు, పొడి బొచ్చు వేరు. ఆయన గీసింది ఒక ఎలుగుపిల్లను, అది ఉన్న చోట ఉన్నట్టుగా. ఆ అడవి ఇంకెవరిదో అని మాకు తెలుసు, కానీ అది ఒక అడవి.

దీనికి తలకిందులు మన ‘స్వదేశీ’ పుస్తకాలు కొన్ని. తామరకొలను, గట్టున నెమలి, పక్కనే జింక, మామిడికొమ్మ మీద రామచిలుక, ముగ్గురూ ఒకే పేజీలో ఫోటోకు నిలబడ్డట్టు. అన్నీ మనవే. ఏదీ ఏమీ చేయడం లేదు. పెళ్లిపత్రిక మీద బాగుంటాయి. ఆ కొలనుకూ పొగగొట్టం ఇంటికీ నా దృష్టిలో తేడా లేదు.

అలాగని బొమ్మ ఫోటోలా ఉండి తీరాలనీ అనను. చెన్నైలోని తారా బుక్స్ 2006లో గోండు చిత్రకారులు భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి గీసిన చెట్ల పుస్తకం వేసింది. నల్లటి కాగితం మీద కొమ్మలు ముగ్గుల్లా అల్లుకుపోతాయి. ఏ వృక్షశాస్త్ర గ్రంథంలోనూ అలాంటి చెట్టు ఉండదు. అయినా ఆ చెట్లను ఎరిగినవాళ్ల చేతి నుంచి వచ్చిందని చూడగానే తెలుస్తుంది. ఒక్కో చెట్టుకు ఒక్కో కథ, ఒక్కో నడత.

కాకి మాట్లాడవచ్చా

ఇక్కడే నాకు ఎక్కువ సందేహం. జంతువు చేత మాట్లాడించినప్పుడే అది జంతువు కాకుండా పోతుందని వాదించేవారు ఉన్నారు, వారి చేతిలో ఆధారమూ ఉంది. టొరంటో విశ్వవిద్యాలయంలో పట్రీషియా గనియా బృందం 2014లో ప్రచురించిన పరిశోధనలో చిన్నపిల్లలకు వాళ్లు ఎన్నడూ ఎరగని జంతువుల గురించి రెండు రకాల పుస్తకాలు చదివి వినిపించారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవి కొన్ని, జంతువులను మనుషుల్లా మాట్లాడించేవి కొన్ని. రెండో రకం విన్న పిల్లలు ఆ జంతువులకు మనుషుల గుణాలు అంటగట్టడం ఎక్కువైంది. మరీ చిన్నవాళ్లు కొత్త విషయాలు నేర్చుకోవడమూ దెబ్బతింది.

మరి పంచతంత్రాన్ని ఏం చేద్దాం? పిల్లలకు కాకీ గుడ్లగూబా వైరం చెప్పడం మానేద్దామా? నాకు మనసొప్పదు. మనసొప్పకపోవడం వాదన కాదని తెలుసు కాబట్టి ఆ కథలనే మళ్లీ తిరగేశాను. కాకులకూ గుడ్లగూబలకూ పడదన్నది కల్పన కాదు. పగటిపూట గుడ్లగూబ కంటపడితే కాకులు గుంపుగా చేరి అరుస్తూ తరిమికొట్టడం ఊళ్లలో చూసినవారు చాలామందే ఉంటారు. రాత్రి బలం గుడ్లగూబది. కథలోనూ అంతే, పగలు వీళ్లది, రాత్రి వాళ్లది. చేపల కథలో కొంగ ఒంటికాలి మీద కదలకుండా నిలబడి దొంగజపం చేస్తుంది. చెరువుగట్టున అసలు కొంగ నిలబడే తీరే అది. మాటలు మనుషులవి, నడత మాత్రం ఆ ప్రాణిది. పక్షిని కళ్లారా చూడని మనిషి అల్లిన కథలు కావివి.

ఇప్పటి బొమ్మల పుస్తకాల్లో ఇది తలకిందులైంది. ఏనుగుకు బ్యాగు తగిలించి బడికి పంపుతారు, పళ్లు తోమిస్తారు, ‘సారీ’ చెప్పిస్తారు. అక్కడ ఏనుగును తీసేసి కుందేలును పెట్టినా, మా ఎదురింటి అబ్బాయిని పెట్టినా కథకు వచ్చే నష్టం లేదు. నేను పెట్టుకున్న పరీక్ష ఇదే: జంతువును మార్చి చూడడం. మార్చినా కథ నడిచిపోతే అందులో ఆ జంతువు మొదటి నుంచీ లేదన్నమాట.

కోకిల మరో తమాషా. పుస్తకాల్లో నల్లటి కోకిలమ్మ కూర్చుని కమ్మగా పాడుతూ ఉంటుంది. ఎర్రకళ్లతో నల్లగా నిగనిగలాడుతూ గొంతెత్తి కూసేది మగది. ఆడకోకిల గోధుమరంగుది, ఒంటి నిండా తెల్లటి చుక్కలు, దాని అరుపు మరోలా ఉంటుంది. చుక్కల కోకిలను ఏ పిల్లల పుస్తకంలోనూ నేనింతవరకు చూడలేదు. కాకి గూట్లో గుడ్డు పెట్టి వెళ్లేది ఆ చుక్కలదే. అంత దొంగాటను వదిలేసి ‘కోకిల తీయగా పాడును’ దగ్గర ఆగిపోవడం ఏం న్యాయం?

రెట్ట నడుస్తోంది

మా అమ్మకు డాబా మీద కుండీలో కరివేపాకు మొక్క ఉంది. వానలు పడ్డాక దాని ఆకుల మీద పిట్ట రెట్టల్లాంటివి కనిపించాయి. నల్లగా, నడుమ తెల్లటి మరక. పాప వాటిని చూసి “పెద్దమ్మా, రెట్ట నడుస్తోంది” అంది. వంగి చూస్తే నిజంగానే నడుస్తోంది. నిమ్మ సీతాకోకచిలుక పురుగు అది. కనబడ్డ ఆకునల్లా తినదు. నిమ్మ, బత్తాయి, మారేడు, కరివేపాకు, ముఖ్యంగా ఆ కుటుంబపు మొక్కలకే నోరు పెడుతుంది. చిన్నగా ఉన్నప్పుడు రెట్టలా కనిపించి పిట్టలను ఏమారుస్తుంది. పెరిగాక పచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి చీలిన ఎర్రటి కొమ్ము ఒకటి బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. పాప ముక్కు మూసుకుని, ఇంకోసారి తాకమంది.

అమ్మకు ఈ సరదా లేదు. “రేపు చారులోకి ఒక్క రెబ్బ మిగలదు. తీసి పారేయండి” అంది. చివరికి కొన్నింటిని ఎదురింటి నిమ్మచెట్టుకు మార్చి, రెండింటిని ఉంచేట్టు రాజీ కుదిరింది. వాటిలో ఒకటి కొమ్మకు కాళ్లు తన్ని పెట్టి, నడుముకు సన్నటి పట్టుపోగు కట్టుకుని, చర్మం విడిచి ఆకుపచ్చ ప్యూపాగా మారింది. పాప దాని చుట్టూ వెతికి “దుప్పటి ఏది?” అని అడిగింది. ఆ అక్షరాల పుస్తకంలోనే ‘సీ’ దగ్గర పురుగు మెత్తటి తెల్ల గూట్లో దుప్పటి కప్పుకున్నట్టు నిద్రపోతుంది మరి. అలాంటి గూడు అల్లేవి పట్టుపురుగు వంటి చిమ్మటలు. హిందూపురం మార్కెట్లో గుట్టలుగా పోసి అమ్మే పట్టుగూళ్లు అవే. ఈ సీతాకోకచిలుకకు దుప్పటి లేదు, మొలతాడు ఒక్కటే.

దీని మీద మరీ చాదస్తంగా మాట్లాడలేను. ప్రపంచమంతా పిల్లలు చదివే ఎరిక్ కార్ల్ గొంగళిపురుగు పుస్తకం (1969)లోనూ సీతాకోకచిలుక గూట్లోంచే వస్తుంది. పైగా ఆ పురుగు కేకు, ఐస్‌క్రీము కూడా తింటుంది. అయినా నాకు ఆ పుస్తకం ఇష్టం. తిన్నచోటల్లా పేజీకి చిల్లు ఉంటుంది, పిల్లలు అందులో వేలు దూర్చి చూస్తారు. పురుగు అంటే అదేపనిగా తినేదన్న సంగతి దానికి తెలుసు.

“మొక్క దగ్గర ఇంత కనిపిస్తుంటే పుస్తకం ఎందుకు? ఆ డబ్బుతో ఇంకో కుండీ కొనరాదా” అంది మా చెల్లెలు. ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. చాలా ఇళ్లకు డాబా లేదు, కుండీ లేదు అన్నది ఒక జవాబు. పురుగుకూ సీతాకోకచిలుకకూ మధ్య గడిచే రోజులను నాలుగేళ్ల పిల్ల ఓపికపట్టి చూడలేదు, పుస్తకంలో పేజీ తిప్పితే చాలన్నది మరొకటి. చూసినదాన్ని మళ్లీ చూడాలంటే పిల్లలకు పుస్తకమే దిక్కు. వాళ్లు ఏదైనా మళ్లీ మళ్లీ చూస్తేనే గాని వదలరు. కానీ రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే కుండీయే మేలని ఒప్పుకుంటాను.

ధర ఎవరు ఇస్తారు

అదే ప్రదర్శనలో ఒక స్టాలాయనతో కాసేపు వాదించాను. ఆయన విసుక్కోకుండా లెక్క చెప్పారు. “ఈ బొమ్మలన్నీ ఒకేసారి కట్టగా కొనుక్కున్నవమ్మా. కొత్తగా వేయించాలంటే చిత్రకారుడికి ఇవ్వాలి. ఆ చిత్రకారుడు వెళ్లి ఉడుతను చూసి రావాలంటే దానికీ ఇవ్వాలి. రంగుల్లో, మందపాటి అట్ట మీద అచ్చు వేయాలి. వెయ్యి కాపీలు పోవడానికి ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలుసా?”

చేస్తున్నవారు లేకపోలేదు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు కూడా. చెన్నైలోని తూలిక తెలుగులోనూ పుస్తకాలు వేస్తోంది. మన మంచి పుస్తకం వారు పాత సోవియట్ పుస్తకాలను మళ్లీ అందుబాటులోకి తెస్తున్నారు. వీటిలో అనువాదాల పాలు పెద్దదే, దాన్ని నేను లోపంగా చూడను. ఎలుగుబంటి వాదన తర్వాత ఎలా చూడగలను? అయితే కొల్లేటి గూడబాతు, తుమ్మకొమ్మకు వేలాడే గిజిగాడి గూడు, కంచెల్లో ‘ఊప్ ఊప్’ మంటూ నడిచే జెముడుకాకి, వీటి గురించి తెలుగులోనే పుట్టిన బొమ్మల పుస్తకాలు ఏవని అడిగితే వేళ్లు మడవడానికి కూడా తడుముకోవాలి.

నాకు కావలసినది ఒకటి చెబుతాను. పాలపిట్ట పుస్తకం. తెలంగాణకు అది రాష్ట్ర పక్షి. ఆంధ్రప్రదేశ్ 2018లో దాన్ని కాదని రామచిలుకను పెట్టుకుంది, అది వేరే గొడవ. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు పాలపిట్ట మట్టిరంగు ఛాతీతో మందకొడిగా కనిపిస్తుంది. పొలంలో పురుగు కంటపడి రెక్క విప్పిందంటే నీలం మీద నీలం. కూర్చున్న పిట్టను కుడిచేతి పేజీలో పెట్టి, పేజీ తిప్పగానే రెక్కలు విప్పిస్తే చాలు. మాటలు అక్కర్లేదు. రెండు రంగులు ఉంటే సరిపోతుంది.

“వేస్తే కొంటారా?” అన్నారు ఆ స్టాలాయన. కొంటాను, నలుగురి చేతా కొనిపిస్తాను. కానీ ఆయన వెయ్యి కాపీల లెక్క మా నలుగురితో తేలదు. పెద్ద ఎత్తున కొనే చేతులు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడుల గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపికచేసేవారివి. వారు కాగితం బరువు, పేజీల సంఖ్య, అట్ట మందం షరతుల్లో రాస్తారు. ఆ షరతుల్లోనే ‘బొమ్మలోని ప్రాణి ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది అన్నది బొమ్మలోనే కనిపించాలి’ అని ఇంకొక్కటి చేర్చమని అడగాలని ఉంది. చేరిస్తే మరుసటి ఏడాది ప్రతి పుస్తకంలో ప్రతి జంతువు వెనక ఒకే చెట్టు అతికించి పంపుతారేమో అన్న అనుమానమూ ఉంది. అయినా అడుగుతాను. ఆ చెట్టు ఏమిటన్నది ఆ తర్వాత అడగవచ్చు.